యాడికి దారిలో నల్ల సైకిలు

అనంతపురము జిల్లాలో, తాడిపత్రికి వాయవ్యముగా ఇరువది కిలోమీటర్లకు పైగా పోయినచో యాడికి అను ఊరు వచ్చును. అది సున్నపురాతి సీమ. సమీపమున కోన ఉప్పలపాడు కడ నీరు తరతరాలుగా రాతిని కరగించి నేల క్రింద గుహలను తొలిచినది. నేలపైన మాత్రము నీరు అరుదు. జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 55 సెంటీమీటర్లు. అదియు కురిసిన ఏట కురియును, లేని ఏట లేదు. చెట్టునీడ తక్కువ, గాలి ఎక్కువ, ముల్లు మఱింత ఎక్కువ. ఒక పొలము నుండి మఱియొక పొలమునకు, ఒక పల్లె నుండి మఱియొక పల్లెకు దూరము కూడ ఎక్కువే.

ఇట్టి నేలపై మనిషి తన కాళ్ళ బలముతోనే సంతోషముగా పోగల వాహనము ఏది? మోటారు సైకిళ్ళు, ఆటోలు ఊరూర తిరుగుచున్న ఈ దినములలో ఈ ప్రశ్న యెందుకని మీరు నవ్వవచ్చును. కాని పదమూడేండ్ల పిల్లకు చట్టము మోటారు బండి నీయదు, సైకిలు నిచ్చును. హైస్కూలు మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున ఉన్న పల్లెలో చదువు సాగుటయు ఆగుటయు ఒక్కొక్కప్పుడు ఆ రెండు చక్రములపై ఆధారపడియుండును. కావున ఏ సైకిలు తొక్కుటకు హాయిగా ఉండును, ఎందువలన హాయిగా ఉండును అని విచారించుట పనిలేని విచారము కాదు.

నా మట్టుకు నేను నల్ల సైకిలునకే ఓటు వేయుదును. తాతల నాటి నుండి మన పల్లెలు ఎఱిగిన సైకిలు అది. దానికి హంగులు లేవు. పై కడ్డీ నేలకు సమాంతరముగా ఉండును. బ్రేకులకు తీగ లుండవు. హ్యాండిలు నుండి చక్రము వఱకు ఇనుప కడ్డీలే పోవును. చైనుపై రేకు డబ్బా, వెనుక బలమైన క్యారియరు, స్ప్రింగుల మీద తోలు సీటు. బరువు సుమారు ఇరువది కిలోలు. పోస్టు సంచి, పాల క్యాన్లు, నూలు కట్టలు, నీళ్ళ బిందెలు, గడ్డిమోపు, పెండ్లికి పోవు కుటుంబము, అన్నిటిని మోసినది అదియే. పుచ్చలపల్లి సుందరయ్యగారు ఢిల్లీలో పార్లమెంటు సభ్యులుగా ఉన్న దినములలో సభకు సైకిలుపైననే పోయెడివారు. సభ్యుల కార్ల నడుమ ఆ సైకిలును చూచి ఆశ్చర్యపడినవారు ఎందరో.

ఈ రూపము నేటిది కాదు. 1885లో ఇంగ్లండునందలి కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అను నతడు రెండు చక్రములను దాదాపు సమానముగా చేసి, పెడళ్ళను నడుమ నుంచి, చైనుతో వెనుక చక్రమును త్రిప్పు సైకిలును అమ్మకమునకు పెట్టెను. అంతకు ముందు సైకిళ్ళకు ముందు చక్రము మనిషి ఎత్తున ఉండెడిది. పడినచో తల పగిలెడిది. నాటి నుండి నేటి వఱకు సైకిలు అస్థిపంజరము మాఱలేదనిన తప్పు లేదు. మన దేశమున స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడినది. సోనిపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో సైకిళ్ళు పుట్టినవి. ఇవి అన్నియు అధికముగా చేసినది ఆ నల్ల సైకిలునే. అట్లాస్ సంస్థ తన కడపటి కర్మాగారమును 2020లో మూసివేసినది. ఆ సైకిళ్ళు మాత్రము ఇంకను పల్లెదారులలో తిరుగుచున్నవి.

సైకిలు హాయి అంతయు వేగములో ఉన్నదని పలువురు తలంతురు. అది సరికాదు. తొక్కువాని బలములో ఎంత భాగము వృథా కాక దారిగా మాఱునో, అంత హాయి. నడచు మనిషి ఒక కిలోమీటరు పోవుటకు వెచ్చించు శక్తిలో అయిదవ వంతుతోనే సైకిలు మనిషి అదే దూరము పోగలడని లెక్క కట్టిరి. గుఱ్ఱము గాని, ఎగురు పక్షి గాని, తన బరువునకు తగినట్లు చూచినచో ఇంత పొదుపుగా ప్రయాణము చేయలేదు. అయితే ఈ లెక్క సరిగా ఉన్న సైకిలునకే చెల్లును. ఆ అయిదవ వంతును మ్రింగివేయుటకు శత్రువులు పెక్కు గలవు. గతుకు ఒకటి, ఎండిన ఇరుసు ఒకటి, పొట్టి సీటు ఒకటి, ఎదురుగాలి ఒకటి.

మొదట గతుకు సంగతి చూతము. చక్రము ఒక గులకరాతిని తాకినప్పుడు ఏమగును? టైరు గట్టిదైనచో సైకిలును, మనిషిని, క్యారియరుపై మూటను కలిపి అంతటిని పైకి ఎత్తవలెను. ఆ ఎత్తుటకు బలము తొక్కువాని కాళ్ళ నుండియే పోవును. టైరు మెత్తనిదైనచో రాయి టైరులోనికి దిగబడును. సైకిలు కదలక సాగిపోవును. ఈ రహస్యమును 1888లో బెల్‌ఫాస్ట్ నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండి కొఱకు రబ్బరు గొట్టములో గాలి నింపి లోకమునకు తెలిపెను. అతనికి నలువదేండ్లకు ముందే థామ్సన్ అను వేఱొకడు ఆ ఊహ చేసియుండెను గాని, నాటికి సైకిలే లేదు, ఊహ మూలబడినది.

నల్ల సైకిలు చక్రము పెద్దది. టైరుతో కలిపి దాని అడ్డుకొలత 28 అంగుళములు, టైరు మందము ఒకటిన్నర అంగుళము. పెద్ద చక్రము చిన్న గుంతలో పూర్తిగా దిగదు. అంచు నుండి అంచునకు దాటును. చిన్న చక్రముల సైకిలు నెక్కి అదే గుంతలో పోయిన పిల్లవాడు ఈ భేదమును వెన్నెముకతో నేర్చుకొనును. గాలి ఎంత కొట్టవలెనన్న విషయమున మాత్రము మన దుకాణములలో ఒక దురభ్యాసము కలదు. రాయివలె గట్టిపడువఱకు పంపు కొట్టుదురు. తారు రోడ్డునకు అది మంచిదే. యాడికి చుట్టుపట్ల కంకర దారులకు కొంచెము తగ్గించుట మేలు. బొటనవ్రేలితో గట్టిగా నొక్కినప్పుడు టైరు ఇంచుక లొంగవలెను. మీరు ఎక్కి కూర్చున్నప్పుడు రిమ్ము రాతికి తగులరాదు. ఈ రెంటి నడుమ హాయి యున్నది.

ఇంక పుల్లలు. ముందు చక్రమున 32, వెనుక చక్రమున 40, వెరసి 72 సన్నని ఉక్కు పుల్లలు. వాని లావు చూచినచో వేలితో వంచవచ్చును. అట్టివి రెండు క్వింటాళ్ళ బరువు నెట్లు మోయుచున్నవి? బండిచక్రపు ఆకులవలె అవి నిలబడి మోయుట లేదు. ప్రతి పుల్లయు బిగించి లాగబడియున్నది. లాగుటలో ఉక్కునకు గల బలము అపారము. ఒక పుల్ల వదులైనచో దాని భాగము ప్రక్కవానిపై పడును. చక్రము ఒక ప్రక్కకు లాగుకొని తిరుగునప్పుడు ఊగులాడును. దీనినే ‘బెండు’ అందురు. బెండు తీయు పనివాడు చక్రమును త్రిప్పి సుద్దముక్క దగ్గరగా పట్టును. సుద్ద ఎక్కడ అంటుకొనునో అక్కడ పుల్లలను సగము చుట్టు, పావు చుట్టు త్రిప్పి సవరించును. చేయి తిరిగిన పనివాడు పుల్లను వ్రేలితో మీటి నాదమును బట్టియే బిగువును చెప్పును. తంబురా శ్రుతి చేయువానికిని వీనికిని చెవిలో పెద్ద భేదము లేదని నా నమ్మకము.

ముల్లు సంగతి చెప్పక యాడికి సైకిలు కథ పూర్తికాదు. ఆ సీమలో ఎండ తగిలిన నేలపై పల్లేరు తీగ పరచుకొనును. దాని కాయ ఏ ప్రక్క పడినను ఒక ముల్లు పైకి నిలుచును. ప్రకృతి దానిని సైకిలు టైరు కొఱకే కల్పించినదా అనిపించును. నిజమునకు అది పశువుల గిట్టలకు గ్రుచ్చుకొని విత్తనమును దూరము చేర్చుటకు చేసికొన్న ఏర్పాటు. చక్రము గిట్ట వంటిదే గదా! దానికి తోడు దారి ప్రక్క కంపచెట్లు. కావున అక్కడి సైకిలు మనిషి పంక్చరును విధిగా కాక వాతావరణముగా భావించును. ట్యూబునకు గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ వచ్చు చోట గుర్తు పెట్టి, గీకి, సొల్యూషను పూసి, అది ఆఱిన పిదప బిళ్ళ అంటించును. ఆఱకమునుపే అంటించు తొందరపాటు వలన సగము బిళ్ళలు ఊడిపోవును. పిమ్మట టైరు లోపల చేయి పెట్టి తడిమి ముల్లు తీయవలెను. తీయనిచో అదే ముల్లు మరునాడు మరల పలుకరించును. నీరు కొనుక్కొను కరువు దినములలోను మరమ్మతు దుకాణము ముందు ఆ తొట్టి మాత్రము నిండియుండవలసినదే. బుడగకు వేఱు ప్రత్యామ్నాయము లేదు.

చక్రము తరువాత చైను. దీనిని కొంచెము లెక్కతో చూతము. పెడళ్ళ దగ్గరి పండ్లచక్రమునకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలునకు 18 పండ్లు ఉన్నవనుకొనుడు. పెడలు ఒక చుట్టు తిరిగిన వెనుక చక్రము సుమారు రెండున్నర చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అనగా కాలు ఒక మీటరు దూరము వలయముగా తిరుగులోపల సైకిలు దాదాపు అయిదున్నర మీటర్లు పోవును. ఇది ఉచితముగా వచ్చిన లాభము కాదు. దూరము అయిదింతలు పెరిగినప్పుడు బలము అయిదవ వంతునకు తగ్గును. చదునైన దారిలో ఆ కొంచెము బలమే చాలును. మిట్ట యెక్కునప్పుడు చాలదు. అందుకే నల్ల సైకిలువాడు మిట్ట మొదట దిగి త్రోసికొని పోవును. గేర్లు గల క్రొత్త సైకిలువాడు దిగక ఎక్కును. ఈ విషయమున క్రొత్తదే మేలని ఒప్పుకొనవలెను. అయితే గేర్ల మీటలు, సన్నని తీగలు దుమ్మునకు ఓర్వవు. వాని మరమ్మతు తెలిసినవాడు పల్లెలో దొరకుట కష్టము. ఒకే గేరు సైకిలునకు ఒక్క రెంచి, ఒక్క సుత్తి ఉన్నచో చెట్టు క్రిందనే వైద్యము జరుగును.

ఇరుసులలో ఉక్కు గుండ్లు ఉండును. అవియే సైకిలునకు ప్రాణము. వానిలో గ్రీజు ఎండి దుమ్ము చేరినచో, ఎంత మంచి సైకిలైనను ఇసుకలో నడచుచున్నట్లుండును. మీ సైకిలును మీరే పరీక్షింపవచ్చును. ముందు చక్రమును నేల నుండి ఎత్తి, గాలి మూతి ఒక ప్రక్క ఉండునట్లు పట్టి వదలుడు. ఇరుసు మంచిదైనచో ఆ మూతి తన కొద్ది బరువుతోనే క్రిందికి దిగి, గడియారపు లోలకమువలె అటునిటు ఊగి నిలుచును. ఎక్కడ వదలితిరో అక్కడనే నిలిచినచో గ్రీజు కావలెను, లేదా బిగువు ఎక్కువైనది. ప్రక్కకు కదిపినప్పుడు టకటక మనినచో బిగువు తక్కువైనది. వేసవి ముగియగానే ఒకసారి సైకిలు నంతను విప్పి, కిరసనాయిలుతో కడిగి, క్రొత్త గ్రీజు పెట్టించిన మనిషికి మరునాడు తన ఊరు దగ్గరకు జరిగినట్లు తోచును.

సీటు ఎత్తును గూర్చి పెద్దలు పిల్లలకు చెప్పరు. అది పెద్ద లోపము. సీటుపై కూర్చుండి, మడమను అన్నిటికంటె క్రిందికి వచ్చిన పెడలుపై పెట్టినప్పుడు కాలు చక్కగా చాచుకొనవలెను. అప్పుడు పాదపు ముందుభాగముతో తొక్కునప్పుడు మోకాలు ఇంచుక వంగియుండును. సీటు దీనికంటె పొట్టిగా ఉన్నచో మోకాలు ఎప్పుడును ముడుచుకొనియే ఉండును. తొడ బలములో సగము పని చేయదు. రెండు కిలోమీటర్లకే నొప్పి పుట్టును. బడి పిల్లలలో పలువురు పాదములు రెండును నేలకు ఆనవలెనని సీటును అడుగంట దించుకొందురు. అన్న సైకిలు తమ్మునికి వచ్చిన చోట కడ్డీయే అడ్డు. కడ్డీ సందున కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కి నేర్చినవారు మన పెద్దలలో కోకొల్లలు. అది నేర్చుకొనుటకు మంచిదే గాని బడికి పోవుటకు కాదు.

బాలికలకు ఈ చిక్కు మఱింత ఎక్కువ. ఎత్తైన పై కడ్డీ నల్ల సైకిలునకు గల నిజమైన దోషము. పావడాతో, ఓణీతో ఎక్కజాలని ఆ కడ్డీ వలన ఎన్నో ఏండ్లు సైకిలు మగవాని సొత్తుగా ఉండిపోయినది. కడ్డీని క్రిందికి వంచి చేసిన సైకిళ్ళు వచ్చిన తరువాత దారులపై దృశ్యము మాఱినది. బీహారులో 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చు పథకము ఆరంభమైనది. హైస్కూలులో చేరు బాలికల సంఖ్య దానివలన పెరిగినదనియు, బడి మూడు కిలోమీటర్లకు మించిన దూరమున ఉన్న పల్లెలలోనే ఆ పెరుగుదల ఎక్కువగా ఉన్నదనియు ఆర్థికశాస్త్ర పరిశోధకులు తేల్చిరి. మన రాష్ట్రములోను ప్రభుత్వము హైస్కూలు బాలికలకు సైకిళ్ళు పంచినది. కాని సైకిలు చేతికి వచ్చుటతో పని ముగియదు. బిగువు చూడని ఇరుసు, అడుగంటిన సీటు, గాలి దిగిన టైరు గల సైకిలు కొన్ని వారములలోనే గోడకు చేరును. నడక మరల మొదలగును. నడక మొదలైన ఇంట ఎండకాలములో ‘ఈ ఏటితో చాలులే’ అను మాట కూడ మొదలగుట కలదు. సీటును మూడంగుళములు పైకి లేపి బోల్టు బిగించుటకు పట్టునది మూడు నిమిషములు.

మూతలు బిగించిన బిందెలు రెండు ప్రక్కల వ్రేలాడగట్టుకొని వచ్చు సైకిలును మీరు చూచియేయుందురు. ఒక్కొక్క బిందెలో పదునైదు లీటర్లున్నచో నాలుగు బిందెలకు అరువది కిలోల బరువు. మఱియొక మనిషి ఎక్కినట్లే. అయినను ఆ సైకిలు తూలదు. దాని ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండును. చక్రములు రెంటి నడుమ దూరము ఎక్కువ. ఫోర్కు ఇరుసు గీతను నేల వఱకు పొడిగించినచో అది చక్రము నేలను తాకు చోటునకు కొంచెము ముందుగా పడును. కావున చక్రము ఆ గీతను వెంబడించుచు, ప్రక్కకు తొలగినను దానంతట అదే సరళమగును. సైకిలు నిలబడుటకు ఇదియే కారణమని కొందఱు, తిరుగు చక్రముల బొంగరపు గుణమని కొందఱు చిరకాలము వాదించిరి. 2011లో కొందఱు శాస్త్రజ్ఞులు ఆ రెండు గుణములును లేని చిన్న సైకిలును చేసి, మనిషి లేకయే నిలబడి పోవునట్లు చూపిరి. నూటయిరువది యేండ్లకు పైగా కోట్లమంది తొక్కిన యంత్రములో ఇంకను తెలియనిది మిగిలియుండుట వింతయే.

కడపటి శత్రువు గాలి. జ్యేష్ఠాషాఢములలో ఈ పీఠభూమిపై పడమటి గాలి ఎట్లు వీచునో అక్కడివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ గాలిని నమ్మియే అనంతపురము జిల్లాలో విద్యుత్తు కొఱకు గాలిమరలు నిలిపిరి. గాలి అడ్డగింపు వేగముతో సమముగా పెరుగదు. వేగము రెండింతలైన అడ్డగింపు నాలుగింతలగును. యాడికి నుండి గుత్తి వైపు, అనగా పడమటికి, పోవువానికి నల్ల సైకిలు ఇక్కడ మేలు చేయదు. దానిపై మనిషి నిటారుగా కూర్చుండును, ఱొమ్మంతయు తెరచాప. పందెపు సైకిలువాడు వంగి తప్పించుకొనును. మనవాడు చొక్కా గుండీలు పెట్టుకొని, తల వంచి, నెమ్మదిగా తొక్కవలసినదే. వేగము తగ్గించుటయే ఇచట తెలివి.

సాయంకాలము అదే దారిలో తిరిగి వచ్చునప్పుడు లెక్క తారుమాఱగును. ప్రొద్దున అడ్డుపడిన నిటారు కూర్కి ఇప్పుడు తెరచాప పని చేయును. సైకిలు వేగము గాలి వేగముతో సమానమైన క్షణమున చెవులలో హోరు ఆగిపోవును. చుట్టును గాలి వీచుచునే యుండును, దారి ప్రక్క కంపచెట్లు ఊగుచునే యుండును. తొక్కువానికి మాత్రము ఆకు కదలనంత నిశ్శబ్దము. అప్పుడు వినవచ్చునవి రెండే. తొక్కుచున్నంతసేపు గులకలపై టైరు చేయు సన్నని గరగర, కాళ్ళు ఆపగానే వెనుక ఫ్రీవీలు టిక్కుటిక్కు.